రెండో కోటు

ప్రెస్సు మూసిన రోజు భోజరాజు గారు
రెండు నెలల జీతం బాకీకి
ఓ కుర్చీ, ఓ కీబోర్డు ఇచ్చారు.
కుర్చీ విరిగింది.
ఇది మిగిలింది.

కొన్నప్పుడు మీగడ రంగు.
నారాయణగూడ ఎండ పదిహేనేళ్ళు
రోజూ కిటికీలోంచి వచ్చి దీని మీద కూర్చుని వెళ్ళింది.
ఇప్పుడు ముసలి పన్ను రంగు.

ఆదివారం, రాంనగర్, మా మిద్దె.
నీళ్ళ ట్యాంకు నీడలో పేపరు పరిచి
నాలుగు మూలలా రాళ్ళు పెట్టాను.
మరలన్నీ ఇడ్లీ రేకు గుంటల్లో, ఏ వరస దా వరసగా.
మీటలు ఊడబీకి సర్ఫు నీళ్ళలో
శనగలు నానేసినట్టు నానేశాను.

లోపల
పల్లీ పొట్టు,
ఒక తెల్ల వెంట్రుక (అప్పటికి నాకింకా రానిది),
ఒక అక్షింత, పసుపు వదలనిది.
ఎవరి పెళ్ళిదో.
నేను కొట్టిన శుభలేఖల్లో
ఒక్క పెళ్ళికీ వెళ్ళింది లేదు.
ఒకసారి తొందరలో చి.ల.సౌ.లో సౌ. ఎగిరిపోతే
పిల్ల మేనమామ కౌంటరు మీద గుద్దిన గుద్దుకు
దీని ఎడమ కాలు విరిగింది.
ఇప్పటికీ కుంటుతుంది.

మీటల మీద ఉండేది ఇంగ్లీషు,
తెర మీద పుట్టేది తెలుగు.
ఏ మీటా తన మీద రాసుంది తాను పలికి ఎరగదు.
ఆ అబద్ధం మా ఇద్దరికీ అలవాటైపోయింది.

ఉప్పుకాగితంతో రుద్దుతుంటే
అడుగున, బాల్‌పెన్నుతో, ఒక ఫోను నంబరు.
నగరానికి ఏడంకెలు చాలిన రోజులది.
కాగితాల సేటుదా? కరెంటు మనిషిదా?
చేతిరాత మాత్రం నాదే.
చెయ్యి ఆగింది.

కింద సందులో ఆటోలకు రంగులేసే ఖలీల్ భాయ్
పతంగి తీసుకోవడానికి పైకొచ్చి చూసి,
"నునుపు మీద రంగు నిలవదమ్మా, గీరాలె" అన్నాడు.
గీరాను.
ఎక్కడా రాసిపెట్టుకోలేదు.

రాణిగంజ్ నుంచి తెచ్చిన నీలం డబ్బా
ఎంత కుదిపినా లోపలి గోళీ గలగలమంటుంది,
మూతి దగ్గర మాత్రం ఉత్త గాలి.
ఖలీల్ భాయే మళ్ళీ మెట్లెక్కి
నిన్నటి ఆటోకు మిగిలిన అరడబ్బా తెచ్చిచ్చాడు.
పసుపు వదిలిద్దామని పొద్దుట్నించీ కూర్చున్నదాన్ని
పసుపే పూస్తున్నాను.

"జానెడు దూరం. చెయ్యి నిలపొద్దు, కారుతది.
మొదటి కోటు ఉన్నదా లేదా అన్నట్టుండాలె.
రెండోది ఆరినంకనే. జల్దీ నక్కో."

పక్క మిద్దె వసుంధరమ్మ
ఆరేసిన దుప్పటి ఏమీ అనకుండా తీసేసుకుంది.

రెండు కోట్ల మధ్య అరగంట.
ఏ పనీ చెయ్యకూడని అరగంట
ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు.
విద్యానగర్ వైపు లోకల్ రైలు ఒకటి పోయింది.
మబ్బు పట్టింది, చూసింది, మలక్‌పేటకు వెళ్ళిపోయింది.
ఒక దోమ తడి రంగు మీద వాలి
ఇక లేవలేదు.
సూదితో తీద్దామని వంగాను.
గీత పడుతుందని వదిలేశాను.
దూరం నుంచి చూస్తే కామా.

రాత్రి మీటలు పెట్టబోతే
ముందే తీసుకున్న ఫొటో ఉన్న ఫోను ఆరిపోయి ఉంది.
వేళ్ళను అడిగాను.
రెండు తప్ప అన్నిటి ఇళ్ళూ చూపించాయి.
ఆ రెండూ మేమెప్పుడూ తలుపు తట్టనివి.
పొడుగు మీట మధ్య
నా బొటనవేలు తొలిచిన పల్లం
అద్దంలా అలాగే ఉంది.

తీరా చూస్తే
దీని గుండ్రటి పిన్ను దూరే కన్నం
కొత్త కంప్యూటరుకు లేదు.
సీటీసీలో అతుకు ముక్క దొరుకుతుందట, నూటయాభై.
రేపు సాయంత్రం పోవాలి.
అప్పటిదాకా బల్ల మీద
బేరం కుదరని ఆటోలా ఒక పక్కకు ఒరిగి నిలబడింది.

పడుకోబోయే ముందు ఆరిందేమోనని
ఒక్కసారి తాకి చూశాను.
వేలిముద్ర పడింది.

పడనీ.